నిధి దీవిలో పుట్టిన పిల్లలు

ఏదైనా సినిమా గురించో సిరీస్ గురించో "పాత ఓడదొంగల కథలకి ఇది నివాళి" అని ఎవరైనా రాస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. చాలాసార్లు దానర్థం ఏంటంటే ఒకడి కంటికి నల్ల గుడ్డ, ఇంకొకడికి చెక్క కాలు, జెండా మీద పుర్రె, భుజం మీద చిలక, మధ్యలో ఎవడో ఒకడు "ఆర్ర్" అని గొంతు చించుకోవడం. అంతే. ఆ వేషాలన్నీ తీసేసినా కథకి వచ్చే నష్టం ఏమీ ఉండదు.

'స్టార్ వార్స్: స్కెలిటన్ క్రూ'లో కూడా ఇవన్నీ ఉన్నాయి. పుర్రెలున్నాయి, ఒంటికన్ను మరమనిషి ఉన్నాడు, దొంగలు తప్ప ఇంకెవరూ దిగని రేవు ఉంది, పేరుమోసిన పాత కెప్టెన్ రహస్య స్థావరం ఉంది, అందులో అడుగడుగునా ఉచ్చులున్నాయి. జాన్ వాట్స్, క్రిస్టఫర్ ఫోర్డ్ కలిసి తయారుచేసిన ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ ఇది. 2024 డిసెంబర్‌లో మొదలై 2025 జనవరిలో అయిపోయింది. నాకు తెలిసినవాళ్లలో కొందరు "చిన్నపిల్లల సరుకు" అని మొదటి ఎపిసోడ్ సగంలోనే వదిలేశారు, ఇంకొందరు "నిధి, మ్యాపు, పిల్లలు, ఇందులో కొత్తేముంది" అని పెదవి విరిచారు. నేను అనేది ఏంటంటే, ఈమధ్య వచ్చినవాటిలో ఓడదొంగల కథని లోపలిదాకా చదివి, అర్థం చేసుకుని, తర్వాత దాన్ని ధైర్యంగా తిరగేసింది ఇదొక్కటే. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, చివరిదాకా అన్నీ చెప్పేస్తాను.

ముందు ఆ తిరగెయ్యడం సంగతి. 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్‌సన్ 'ట్రెజర్ ఐలాండ్' దగ్గర్నుంచి ఈ కథల దారి ఒకటే. ఒక సత్రంలోనో పల్లెలోనో ఉండే మామూలు కుర్రాడికి అనుకోకుండా మ్యాపు దొరుకుతుంది, ఇల్లు వదిలి ఓడెక్కుతాడు, ఎక్కడో దూరంగా ఉన్న దీవిలో నిధి ఉంటుంది. ఇల్లు ఈ చివర, నిధి ఆ చివర, మధ్యలో సముద్రం. స్కెలిటన్ క్రూ ఈ రెండు చివరల్నీ ఒకటి చేసేసింది. విమ్, ఫెర్న్, కేబీ, నీల్ అనే నలుగురు పిల్లలు ఎట్ అట్టిన్ అనే గ్రహంలో ఉంటారు. వరసగా ఒకేలాంటి ఇళ్లు, కోసిన పచ్చిక, స్కూలు బస్సు, పెద్దయ్యాక ఎవరు ఏ ఉద్యోగం చెయ్యాలో తేల్చే పరీక్ష. నోరు తెరిస్తే పెద్దవాళ్లందరూ 'మహత్కార్యం' అంటుంటారు, అదేంటో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆ పరీక్ష రోజునే విమ్ ఆలస్యంగా నిద్రలేచి, అడవిలో అడ్డదారిన పడి, మట్టిలో కూరుకుపోయిన ఏదో పాత కట్టడాన్ని చూసి అది జెడాయ్‌ల, అంటే స్టార్ వార్స్ లోకంలో అతీత శక్తులున్న యోధుల, గుడి అనుకుంటాడు. తీరా చూస్తే అంతరిక్ష నౌక. నలుగురూ లోపలికి దూరి, నొక్కకూడని బటన్ నొక్కి, ఆకాశంలోకి వెళ్లిపోతారు.

ఇక తిరిగి ఇంటికెళ్లాలి, దారి తెలీదు. ఎవరిని అడిగినా "ఎట్ అట్టినా? అది కట్టుకథ కదా" అంటారు. ఎందుకంటే గెలాక్సీలో ఉన్న దొంగలందరికీ ఆ పేరు అంతులేని నిధి ఉన్న మాయాలోకంగా మాత్రమే తెలుసు. పిల్లలకేమో అది స్కూలు, హోంవర్కు, అమ్మ తిట్లు. వాళ్లు వెతికేది ఇల్లు, వాళ్ల వెంట పడ్డవాడు వెతికేది నిధి, చోటు మాత్రం ఒక్కటే. ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ ఆ మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది, ఎందుకంటే దీనితో పాత కథలోని ప్రతి ముక్కకీ రెండో అర్థం వచ్చేసింది. మ్యాపు దొరికితే పిల్లలకి సంతోషం, కానీ అదే మ్యాపుతో దొంగని వెంటబెట్టుకుని తిన్నగా అమ్మానాన్నల గుమ్మంలోకి తీసుకెళ్తున్నారు. దూరానున్న దీవిని ఎవడైనా దోచుకోవచ్చు. ఇది మనిల్లు.

ఇది బయటపడే సీన్ ఒకటి రెండో ఎపిసోడ్‌లో ఉంది. పోర్ట్ బోర్గో అనే దొంగల రేవులో దిగిన పిల్లలు మామూలుగా ఇంటి దగ్గర ఖర్చుపెట్టుకునే డబ్బులే తీసి ఇవ్వబోతారు. అవి ఎప్పుడో కూలిపోయిన పాత రిపబ్లిక్ ప్రభుత్వపు నాణేలు, మెరిసిపోతున్నాయి. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా తిరిగి చూస్తారు. పిల్లల మొహాల్లో "ఏం, తక్కువిచ్చామా" అన్న బెదురు, దొంగల మొహాల్లో ఆకలి. ఒక్క డైలాగుతో వివరించకుండా, వీళ్ల జేబుఖర్చే వాళ్లకి జీవితకాలపు నిధి అని తెలిసిపోతుంది. అంతకుముందే సిరీస్ మొదటి సీన్‌లో ఒక కెప్టెన్ రవాణా నౌక మీద దాడిచేసి, చచ్చీచెడీ తిజోరీ తెరిస్తే లోపల ఒకే ఒక్క క్రెడిట్, అంటే అక్కడి నాణెం, ఉంటుంది. ఆ ఒంటరి నాణెం చూశాక ఈ పిల్లల గుప్పిట్లో నాణేలు చూస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఆ తిజోరీ ముందు నవ్వులపాలైన కెప్టెన్ పేరు సిల్వో. ఆ పేరు ఎక్కడిదో పాత కథలు చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జూడ్ లా వేసిన ఈ పాత్రకి బోలెడు పేర్లు. పిల్లలకి జైల్లో తారసపడేటప్పుడు జోడ్ నా నవూద్, ఇంకో చోట క్రిమ్సన్ జాక్. చెయ్యి చాస్తే తాళంచెవి గాల్లో తేలుతూ వస్తుంది, కాబట్టి విమ్ దృష్టిలో జెడాయ్. విమ్‌కి జెడాయ్ అంటే పిచ్చి.

నివాళి అసలు పరీక్ష ఇక్కడే. 'ట్రెజర్ ఐలాండ్'ని నూటనలభై ఏళ్లుగా బతికించింది నిధి కాదు, ఒంటికాలి జాన్ సిల్వర్. 1881లో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో వానల వల్ల ఇంట్లోనే ఉండిపోయిన రోజుల్లో, స్టీవెన్‌సన్ తన సవతి కొడుకు లాయిడ్‌తో రంగులేసుకుంటూ ఒక దీవి మ్యాపు గీశాడు, కథ ఆ మ్యాపులోంచే పుట్టింది. మొదట దానికి పెట్టుకున్న పేరు 'ది సీ కుక్', అంటే ఓడలో వంటవాడు, అంటే సిల్వరే. కాలు పోయినా ఓడిపోని తన కవి మిత్రుడు హెన్లీని చూసి ఆ పాత్రని మలిచాడు. మనలో చాలామంది సిల్వర్‌ని మొదట కలుసుకుంది నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం'లో. నేనూ అంతే. నిధి ఎక్కడ దొరికిందో ఇప్పుడు నాకు సరిగ్గా గుర్తులేదు గానీ ఆపిల్ పీపా సీను మాత్రం నిన్న చదివినట్టుంటుంది.

ఆ సీను గుర్తుందా? కథలోని కుర్రాడు జిమ్ ఆపిల్ పండు కోసం పీపాలోకి దిగుతాడు, అలాగే కూర్చుండిపోతాడు. బయట సిల్వర్ ఒక కుర్ర నావికుణ్ణి తిరుగుబాటులోకి లాగుతుంటాడు. కుట్ర సంగతి అలా ఉంచి, జిమ్‌కి ఎక్కడ మండుతుందంటే, నువ్వు చురుకైనవాడివి అంటూ సిల్వర్ తనని పొగిడిన మాటలే అక్షరం పొల్లుపోకుండా వాడికీ చెప్తున్నాడు. అంటే అదంతా నటన. సరే, అంతేనా అంటే అదీ కాదు. తర్వాత అదే సిల్వర్, మాట వినని ఒక మనిషిని చంకకర్రతో కొట్టి పడేసి కత్తితో పొడిచి చంపుతాడు, జిమ్ పొదల చాటునుంచి చూస్తాడు. ఆ తర్వాత అదే సిల్వర్, తన మనుషులు జిమ్‌ని చంపబోతే అడ్డం నిలబడతాడు. అందులో స్వార్థం ఉంది, ఇష్టమూ ఉంది, ఏది ఎంతో స్టీవెన్‌సన్ తూకం వేసి చెప్పడు. ఈ కథల్లోని అసలు సరుకు ఇదే. తండ్రి పోయిన కుర్రాడు, వాడికి కొంచెం తండ్రిలా అనిపించే దుర్మార్గుడు.

ఓడ, చిలక, చెక్క కాలు తెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది. ఈ సరుకు తెచ్చుకున్నవాళ్లు తక్కువ. డిస్నీ 2002లో 'ట్రెజర్ ప్లానెట్' అని బొమ్మల సినిమా తీసింది, అంతరిక్షంలో తెరచాపల ఓడలు, సగం మనిషి సగం యంత్రం అయిన సిల్వర్. ఓడకి 'ఆర్.ఎల్.ఎస్. లెగసీ' అని స్టీవెన్‌సన్ పొడి అక్షరాలే పెట్టారు. డబ్బులు ఘోరంగా పోయాయి. నాకు మాత్రం అది ఇష్టమే, ఆ సిల్వర్‌కి జిమ్ మీద నిజంగా ప్రేమ పుట్టడం బాగుంటుంది. కానీ అందులో సిల్వర్ మరీ మెత్తబడిపోతాడు, చివరికి వచ్చేసరికి భయపెట్టడు.

జోడ్ భయపెడతాడు. ఐదో ఎపిసోడ్‌లో పాత దొంగ కెప్టెన్ టాక్ రెన్నాడ్ స్థావరంలో ఉచ్చులన్నీ దాటుకుని వెళ్లేదాకా జోడ్, పిల్లలు ఒక జట్టు. ఎట్ అట్టిన్ ఎక్కడుందో తెలిసిన మరుక్షణం వాడు మారిపోతాడు. విమ్ ఆ నిధి గుట్టలో దొరికిన లైట్‌సేబర్, అంటే జెడాయ్‌ల వెలుగు కత్తి, పట్టుకుని అడ్డం నిలబడతాడు, ఎన్నాళ్లుగానో కలలు కన్న క్షణం, కానీ పట్టుకున్నది తలకిందులుగా. బటన్ నొక్కితే కత్తి వెనక వైపుకి వస్తుంది, కంగారులో కింద పడేస్తాడు. జోడ్ దాన్ని తీసుకుంటాడు. వాడికి పట్టుకోవడం వచ్చు. ఎదురుగా ఉన్నది పదేళ్ల పిల్లలని తెలిసి కూడా ఆ కత్తిని ఫెర్న్ ముందుంచి కెప్టెన్ పదవి వదులుకోమంటాడు. జెడాయ్ అంటే ఇలాగే ఉంటాడని విమ్ అనుకున్న మనిషి, జెడాయ్ ఆయుధంతోనే.

ఈ సీను మా మేనల్లుడితో కలిసి చూశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మావయ్యా, వీడు మొదట్నించీ నటించాడా, లేకపోతే ఇప్పుడే మారాడా?" అన్నాడు. చూద్దాం అన్నాను. ఎనిమిది ఎపిసోడ్లూ అయ్యాక కూడా నా దగ్గర జవాబు లేదు, సిల్వర్ విషయంలో లేనట్టే. రచయితలు సరిగ్గా చేశారని చెప్పడానికి నాకు ఆ ప్రశ్న చాలు.

ఇంకో ముచ్చట, కెప్టెన్ పదవి గురించి. నిజం ఓడదొంగల్లో కెప్టెన్ అంటే రాజు కాదు, సిబ్బంది ఓటేస్తే కెప్టెన్, వద్దంటే దిగిపోవాలి. బార్తలోమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగ ఓడలో పాటించిన నియమాలు 1724లో వచ్చిన పైరేట్ల చరిత్ర పుస్తకంలో అచ్చయ్యాయి. ముఖ్యమైన విషయాల్లో ప్రతివాడికీ ఓటు, డబ్బు పెట్టి పేకాట ఆడకూడదు, రాత్రి ఎనిమిదికల్లా దీపాలు ఆర్పెయ్యాలి. హాస్టల్ వార్డెన్ రాశాడేమో అనిపిస్తుంది. 1718లో చార్లెస్ వేన్ అనే కెప్టెన్ ఒక ఫ్రెంచి ఓడ మీద దాడికి వెనకాడాడని సిబ్బంది పిరికివాడిగా తేల్చి దింపేసి, కాలికో జాక్ అని పిలవబడే రాకమ్‌ని ఎక్కించారు. స్కెలిటన్ క్రూలో తిజోరీ ఖాళీగా కనబడగానే సిల్వో మీద సిబ్బంది తిరగబడి కొత్త కెప్టెన్‌ని పెట్టుకుంటారు. ఆ గుంపులో ఒక దొంగ పేరు వేన్, సిల్వో మారుపేరేమో క్రిమ్సన్ జాక్. చరిత్ర చదివినవాళ్లకి ఇక్కడ నవ్వొస్తుంది. పిల్లల వైపు చూస్తే ఫెర్న్ ధైర్యంగా "నేనే కెప్టెన్" అని ప్రకటించుకుంటే మరమనిషి నమ్మి సెల్యూట్ కొడతాడు. పిల్లలాటల్లో "ఇది నాది, ముందు నేనన్నా" అనే పంతాలకీ దొంగల నియమావళికీ పెద్ద తేడా లేదని చూపించడం నాకు భలే నచ్చింది.

ఆ మరమనిషి ఎస్ఎమ్-33. ఇంగ్లీషులో రాసి ఆ మూళ్లని అటు తిప్పితే పీటర్ పాన్ కథలో కెప్టెన్ హుక్ అనుచరుడు స్మీ అవుతాడు. చిలక బదులు కంటిగుంటలో ఎలుకలాంటి జీవి కాపురం. గొంతు నిక్ ఫ్రాస్ట్‌ది. 1950లో డిస్నీ తీసిన 'ట్రెజర్ ఐలాండ్'లో రాబర్ట్ న్యూటన్ తన డోర్సెట్ యాసని సాగదీసి మాట్లాడిన దగ్గర్నుంచీ పైరేట్లంటే ప్రపంచమంతా అదే యాస అయిపోయింది, ఇక్కడా అదే. ఇవి వేషాలే, ఒప్పుకుంటాను. కానీ ఏడో ఎపిసోడ్‌లో జోడ్ ఆ మరమనిషి తల నరికేస్తే మా ఇంట్లో ఒక కేక వినబడింది. ఉట్టి వేషానికి ఎవరూ అలా కేకెయ్యరు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. ఓడదొంగల కథలు ఎప్పుడూ దొంగల డెక్ మీదనుంచి చెప్పినవే, దోచుకోబడ్డవాళ్ల డెక్ మీదనుంచి కాదు. 'ట్రెజర్ ఐలాండ్' చివర్లో జిమ్ నిధిలోని నాణేలు వేరుచేస్తూ కూర్చుంటాడు. ఇంగ్లీషువి, ఫ్రెంచివి, స్పానిష్‌వి, పోర్చుగీసువి, వాటి మధ్య దారప్పోగుల్లా సాలెగూటి ముక్కల్లా ఏవో గీతలున్న వింత తూర్పు దేశాల నాణేలు. జిమ్‌కి అవి గీతలు. ఆ నాణెం మీద ఉన్నది ఎవరో చదువుకునే లిపి అయ్యుంటుంది, ఎవరో మోసుకెళ్తుంటే లాక్కున్నది అయ్యుంటుంది. ఎంత నెత్తురు, ఎన్ని కన్నీళ్లు, ఎన్ని మునిగిన ఓడలు ఈ కుప్ప వెనక అని స్టీవెన్‌సన్ జిమ్‌తో ఒక వాక్యం అనిపిస్తాడు, అది ఆయన గొప్పదనం, కానీ అది ఒక్క వాక్యమే.

ఆ తూర్పు నాణేలు ఊరికే రాలేదు. 1695లో మక్కా యాత్రికులతో సూరత్‌కి తిరిగొస్తున్న ఔరంగజేబు ఓడ గంజ్-ఇ-సవాయిని హెన్రీ ఎవ్రీ అనే ఇంగ్లీషు ఓడదొంగ దోచుకున్నాడు. రోజుల తరబడి యాత్రికుల్ని హింసించారు, ఆడవాళ్లని చెరిచారు. కోపంతో ఔరంగజేబు సూరత్‌లోని ఈస్టిండియా కంపెనీ మనుషుల్ని బంధించాడు. ఎవ్రీ దొరకలేదు. 1712కల్లా లండన్ రంగస్థలం మీద అతని కథ ఆధారంగా నాటకం ఆడారు, అందులో అతను వీరుడు. 1698లో కెప్టెన్ కిడ్ పట్టుకున్న క్వేదా మర్చంట్ ఓడ కూడా మన మలబారు తీరం దగ్గర దొరికిందే, బట్టలు, పంచదార, నల్లమందుతో. కిడ్‌ని 1701లో లండన్‌లో ఉరితీశారు, అంతకుముందు న్యూయార్క్ దగ్గరున్న గార్డినర్స్ దీవిలో అతను కొంత సొమ్ము పాతిపెట్టాడు. దాన్ని అధికారులు తవ్వి తీసేసుకున్నా, 'పాతిపెట్టిన నిధి' అన్న కథకి మాత్రం చావు లేకుండా పోయింది. అంటే మనం చిన్నప్పుడు నోరెళ్లబెట్టి చదివిన నిధిలో మన రేవుల నుంచి వెళ్లిన సొమ్ముకీ వాటా ఉంది.

స్కెలిటన్ క్రూ ఈ విషయం తెలిసి చేసిందో తెలియక చేసిందో నాకు అనవసరం, కానీ ఓడదొంగల కథని మొదటిసారి దోచుకోబడబోయే ఊరి వైపునుంచి చెప్పింది. ఎట్ అట్టిన్‌లో 'మహత్కార్యం' అంటే ఏంటో చివరికి తెలుస్తుంది, అది పాత రిపబ్లిక్ టంకశాల. నేల కింద ఖజానాల నిండా నాణేలు. రిపబ్లిక్ ఎప్పుడో కూలిపోయింది, ఆ కబురు వీళ్లకి చేరలేదు, విమ్ నాన్న లాంటి గుమాస్తాలు బుద్ధిగా ఆఫీసుకెళ్లి పనిచేస్తూనే ఉన్నారు. మాయా నిధి అంటే టిఫిన్ బాక్సు తీసుకుని డ్యూటీకెళ్లే ఇలాంటి మనుషుల శ్రమ అని ఏ పైరేట్ కథ చెప్పింది? ఎట్ అట్టిన్‌కి అక్కాచెల్లెళ్ల లాంటి గ్రహాలు ఇంకా ఉండేవి. నాలుగో ఎపిసోడ్‌లో అలాంటి ఎట్ అక్రన్‌కి పిల్లలు వెళ్తారు. తమ ఊరిలాగే కట్టిన వీధులు, అన్నీ శిథిలాలు, తమ వయసు పిల్లల చేతుల్లో తుపాకులు. దాక్కోకపోతే తమ ఊరికి ఏమయ్యేదో అక్కడ కళ్లకి కడుతుంది.

అందుకే ముగింపు దగ్గర నాకు పేచీ. ఊరిని బయటివాళ్లకి కనబడకుండా దాచిన తెర తొలగుతుంది, ఇప్పటి ప్రభుత్వమైన న్యూ రిపబ్లిక్ యుద్ధనౌకలు వస్తాయి, దొంగల ఓడ కూలుతుంది, పిల్లలు ఆకాశం వంక చూస్తారు, సంగీతం. సరే. కానీ తెర పోయాక గెలాక్సీలోని అతిపెద్ద ఖజానా ఇప్పుడు అందరికీ కనబడుతోంది కదా? వచ్చిన న్యూ రిపబ్లిక్ ఆ నాణేల్ని ఏం చేస్తుంది? నాణేల కోసం వచ్చిన జోడ్‌ని దొంగ అన్నాం, రేపు లెక్కల పుస్తకం పట్టుకుని వచ్చే ఆఫీసర్ని ఏమంటాం? ఎనిమిది ఎపిసోడ్లు ఊరి తరఫున మాట్లాడి, చివరి పది నిమిషాల్లో ఊరిని మర్చిపోయారు. జిమ్ అంతా అయిపోయాక కూడా ఆ దీవి అలల హోరు కలలో విని ఉలిక్కిపడి లేస్తానంటాడు, విమ్‌కి అలాంటి దెబ్బేదీ తగిలినట్టు కనబడదు.

జోడ్ విషయంలో మాత్రం సరిగ్గానే ఆగారు. ఆకలితో అల్లాడే పిల్లాడిగా ఉన్నప్పుడు తనని ఒక జెడాయ్ చేరదీసి కాస్త నేర్పిందని, ఆమెని వేటాడి తన కళ్లముందే చంపేశారని చెప్తాడు. ఏడవడు, క్షమించమనడు. పిల్లలూ ఎదురెళ్లి కావలించుకోరు. సిల్వర్‌ని స్టీవెన్‌సన్ మూడు నాలుగొందల గినీల సంచీతో రాత్రికి రాత్రి జారిపోనిచ్చాడు, జోడ్‌కి ఆ సంచీ కూడా దక్కలేదు, కూలుతున్న తన ఓడని చూస్తూ అలా ఉండిపోతాడు, తర్వాత ఏమయ్యాడో సిరీస్ చెప్పదు. రెండో సీజన్ తీస్తే వాణ్ణి మంచివాడిగా మార్చి పిల్లలకి గురువుని చేసేస్తారేమోనని నా భయం. మా మేనల్లుడికి ఆ భయం లేదు, వాడి పథకం సిద్ధంగా ఉంది: జోడ్ జైలునుంచి తప్పించుకోవాలి, ఫెర్న్ కెప్టెన్‌గా వాణ్ణి వెంటాడి పట్టుకోవాలి, ఎస్ఎమ్-33కి కొత్త తల పెట్టాలి. నాకైతే ఇందులో ఎక్కడా తప్పు కనబడలేదు.